నీలం సీసా, రాగి చెంబు

పోయిన నెల పరకాలలో మా బావ వాళ్లింట్లో ఒడిబియ్యం పోశారు. భోజనాలయ్యాక ఆడవాళ్లంతా ముందు గదిలో కూర్చున్నప్పుడు రాగి గురించి రెండు మాటలు నా చెవిన పడ్డాయి. ఒకటి మా చిన్నమ్మది. గడ్డం కింద రూపాయి బిళ్లంత తెల్ల మచ్చ వచ్చిన ఒక ఇంటర్ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, "రాగి చెంబుల నీళ్లు రాత్రి పోసిపెట్టి పొద్దుగాల పరగడుపున తాగు బిడ్డా, బొల్లి తక్కువైతది" అని చెబుతోంది. రెండోది మా మేనకోడలిది. బ్యాగులోంచి నీలం రంగు సీరం సీసా తీసి పక్కనున్న పిల్లలకు చూపిస్తోంది. కాపర్ పెప్టైడ్ అట, రాత్రి పడుకునేముందు రాసుకుంటే ముడతలు రావట, ధర వెయ్యికి కొంచెం తక్కువ. చిన్నమ్మ మాట విని మా మేనకోడలే కిసుక్కున నవ్వి, "ఏ కాలంల ఉన్నవు అమ్మమ్మా" అంది.

ఆ నవ్వు నాకు మింగుడు పడలేదు. పెద్దావిడను వెక్కిరించిందని కాదు, మా ఇంట్లో ఎవరు ఎవరినైనా వెక్కిరిస్తారు. ఇద్దరూ చెప్పింది ఒకటే సంగతి కదా అనిపించింది. ఒంటికి రాగి కావాలి, అందుకని బయటి నుంచి రాగి అందిస్తే చర్మం బాగుపడుతుంది. చిన్నమ్మ దాన్ని కడుపులోకి పంపిస్తోంది, మేనకోడలు ముఖానికి పూస్తోంది. నేను ఇరవై ఏళ్లకు పైగా హనుమకొండలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్నాను. రాగి నాకు ఇష్టమైన లోహం. దాని పేరు మీద ఏం అమ్ముతున్నా ఆగి చూస్తాను.

కావాలన్న మాట నిజమే

చర్మం బిగువుగా ఉండటానికి కొల్లాజెన్, ఎలాస్టిన్ అనే పోగులు కారణమని ఇప్పుడు సబ్బు ప్రకటనలు కూడా చెబుతున్నాయి. ఆ పోగులు ఉంటే చాలదు, ఒకదానితో ఒకటి ముడిపడాలి. ఆ ముడి వేసే ఎంజైమ్ లైసిల్ ఆక్సిడేజ్. దాని నడుమ రాగి లేకపోతే అది కదలదు. చర్మానికి, జుట్టుకు రంగునిచ్చే మెలనిన్ తయారు కావాలంటే టైరోసినేజ్ అనే ఇంకో ఎంజైమ్ కావాలి, దాంట్లోనూ రాగే. ఎండకు, పొగకు పుట్టే చెడు ఆక్సిజన్‌ను అణిచే సూపర్ ఆక్సైడ్ డిస్మ్యూటేజ్‌లో రాగి, జింకు రెండూ ఉంటాయి.

రాగి అందకపోతే ఏమవుతుందో పుస్తకాల్లో ఊహించి రాసింది కాదు. 1962లో జాన్ మెంకెస్ అనే డాక్టరు కొందరు మగ పసిపిల్లల్లో ఒక జబ్బును వర్ణించాడు. జుట్టు ఉక్కు తీగల్లా మెలితిరిగి విరిగిపోతుంది, చర్మం పాలిపోయి వదులుగా వేలాడుతుంది, మెదడు ఎదగదు. తిన్న రాగి పేగుల్లోంచి ఒంట్లోకి చేరకపోవడమే మూలమని తరువాత తేలింది. దీనికి తిరగబడ్డ జబ్బు విల్సన్ వ్యాధి, అందులో రాగి బయటికి పోక కాలేయంలో, మెదడులో పేరుకుంటుంది. రాగిని లాగేయడానికి పెనిసిలమైన్ అనే మందు ఇస్తారు. ఆ మందును ఏళ్ల తరబడి వాడిన కొందరిలో చర్మం పలచబడి, ఎలాస్టిన్ పోగులు చెడిపోవడం డాక్టర్లు చూశారు. చర్మానికి రాగి కావాలనడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

అయితే మెంకెస్ పిల్లలకు ఎవరూ రాగి పూయరు. నోటి ద్వారా కూడా ఇవ్వరు, ఇచ్చినా ఎక్కదు కాబట్టి. రాగి హిస్టిడిన్‌ను ఇంజెక్షన్‌గా ఇస్తారు, అదీ పుట్టిన తొలి రోజుల్లోనే మొదలుపెడితేనే కొంత ఫలితం. మనలాంటి వాళ్లకు ఆ లోటు రావడం అరుదు. కడుపు ఆపరేషన్లు అయినవాళ్లలో, జింకు మాత్రలు మోతాదు మించి మింగేవాళ్లలో కనిపిస్తుంది. పెద్దవాళ్లకు రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాముల రాగి చాలు. పప్పులు, వేరుశనగ, జీడిపప్పు, మేక కార్జం, నువ్వులు వీటన్నింట్లో ఉంటుంది. సంక్రాంతికి సకినాలు చుట్టే ఇంట్లో రాగికి కరువేముంటుంది? ఒంట్లో ఉన్న రాగి మొత్తం కలిపినా సుమారు 100 మిల్లీగ్రాములే, దాన్ని శరీరం లెక్కపెట్టుకుని వాడుతుంది. ఎక్కువైతే పిత్తరసంతో బయటికి పంపేస్తుంది.

లోటు ఉన్నవాడికి రాగి ప్రాణం పోస్తుంది, సరే. లోటు లేనివాడికి ఇంకా పోస్తే ఇంకా మేలన్న మాట ఎక్కణ్నుంచి వచ్చింది? ఇక్కడే చిన్నమ్మ, మేనకోడలు ఒకే గట్టు మీద నిలబడ్డారు.

ఒకే షెల్ఫు మీద

చిన్నమ్మ సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే ఆవిడ మాట వినడానికి కనిపించేంత అర్థం లేనిది కాదు. మెలనిన్ తయారయ్యే చోట రాగి ఉంటుందని ఇప్పుడే అనుకున్నాం. బొల్లిలో పోయేది ఆ మెలనినే. ఈ రెండూ కలిపి ఎవరైనా డిగ్రీ పిల్లవాడు సెమినార్‌లో చెబితే చప్పట్లు కూడా పడతాయి. కానీ బొల్లిలో తగ్గింది రాగి కాదు. రంగు తయారు చేసే మెలనోసైట్ కణాలను శరీరంలోని రక్షణ వ్యవస్థే పొరపాటుపడి చంపేస్తుంది. కణమే లేని చోట రాగి ఎంత ఉండి ఏం లాభం, వడ్రంగి లేని ఇంటికి ఉలి పంపినట్టు.

ఇప్పుడు మేనకోడలి వైపు. ఆమె సీరం కొన్న దుకాణంలోనే, అదే షెల్ఫు మీద, మచ్చలు పోగొట్టి రంగు తేలుస్తామనే క్రీములు ఉంటాయి. వాటిలో కొన్నింటికి కోజిక్ యాసిడ్ ఆయువుపట్టు. అది చేసే పని ఏమిటంటే, టైరోసినేజ్‌లోకి వెళ్లి అక్కడున్న రాగిని పట్టుకుని కూర్చుంటుంది, దాంతో మెలనిన్ తయారీ మందగిస్తుంది. అంటే ఒక సీసా చర్మానికి రాగి ఇస్తానంటుంది, పక్క సీసా చర్మంలోని రాగి చేతులు కట్టేస్తానంటుంది. రెండూ ఒకే బిల్లులో వస్తాయి. మేనకోడలి అద్దం ముందు ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి, నేను చూశాను. రాగి చేరితే రంగు ముదురుతుందేమోనన్న అనుమానం ఎందుకు రాలేదని అడిగితే, "అది వేరే మామా, ఇది వేరే" అంది. నిజానికి సీరం రాసుకుని నల్లబడ్డవాళ్లను నేనూ చూడలేదు. ఎంజైమ్‌కు ఎంత రాగి కావాలో శరీరం అంతే ఇస్తుంది, బయటి నుంచి నాలుగు చుక్కలు వేస్తే ఆ కొలత మారదు. నల్లబడటానికి మారని కొలత, బిగువు రావడానికి మాత్రం ఎందుకు మారాలి?

సీసా తరఫు వాదన

ఇక్కడితో ఆపేస్తే సీరంకు అన్యాయం చేసినట్టు. దాంట్లో ఉన్నది వట్టి రాగి కాదు. గ్లైసిన్, హిస్టిడిన్, లైసిన్ అనే మూడు అమైనో ఆమ్లాల గొలుసు, అంటే పెప్టైడ్, రాగిని పట్టుకుని ఉంటుంది. ఈ గొలుసును 1973లో లారెన్ పికార్ట్ అనే పరిశోధకుడు మనిషి రక్తంలో గుర్తించాడు. అప్పుడు ఆయన చూస్తున్నది ముఖాలను కాదు, కాలేయ కణాలను. ఇది కలిపితే కణాలు ఎక్కువకాలం బతుకుతున్నాయని రాశాడు. కణంలోకి రాగిని చేరవేయడమే దీని పని కావచ్చని 1980లో ప్రతిపాదించాడు. ఆ తరువాత గాజు పాత్రల్లో పెంచిన చర్మ కణాలకు ఇది ఇస్తే కొల్లాజెన్ ఎక్కువ తయారవుతుందని, జంతువుల గాయాలు త్వరగా మానుతున్నాయని వేరే ప్రయోగశాలలూ చూపించాయి. వయసుతో పాటు రక్తంలో ఇది తగ్గుతుందని, ఇరవై ఏళ్లప్పుడు మిల్లీలీటరుకు 200 నానోగ్రాములున్నది అరవైకి 80కి పడిపోతుందని పికార్ట్ లెక్క. ప్రకటనల్లో కనిపించే అంకె ఇదే. ఆయనే తరువాత ఈ ఉత్పత్తులు అమ్మే కంపెనీలు పెట్టాడన్నది మాత్రం ప్రకటనల్లో కనిపించదు. అంతమాత్రాన ఆయన సైన్సు అబద్ధమైపోదు, కానీ చదివేవాడికి తెలిసి ఉండాలి.

కెమిస్ట్రీ వాడిగా నాకు ఆ సీసాలో అన్నింటికంటే నచ్చింది రంగు. మా ల్యాబులో పిల్లలు గుడ్డు తెల్లసొనలో కాస్త సోడియం హైడ్రాక్సైడ్ పోసి, రెండు చుక్కలు లేత నీలం మైలుతుత్తం (రాగి సల్ఫేట్) ద్రావణం వేస్తారు. పరీక్షనాళిక మెల్లగా వంకాయ రంగుకు తిరుగుతుంది. దాన్ని బైయూరెట్ టెస్ట్ అంటాం. ప్రొటీన్‌లోని నైట్రోజన్లు రాగిని పట్టుకోవడం వల్ల ఆ రంగు. సీరంలోని ముదురు నీలానికీ కారణం అదే, నైట్రోజన్ల మధ్య కూర్చున్న రాగి. ఎవరో రంగు కలిపి మోసం చేస్తున్నారని మా స్టాఫ్ రూములో ఒకాయన వాదించాడు. అదొక్కటి మాత్రం తప్పు.

ఈ అణువు చర్మంలోకి దిగుతుందా? 500 డాల్టన్ల కంటే బరువైనవి చర్మం పైపొరను దాటడం కష్టమని ఒక మోటు లెక్క ఉంది. రాగితో కలిపి ఇది 400 దాటి కొంచెం, కాబట్టి తలుపు దగ్గరికైతే వస్తుంది. కానీ నీటిలో కరిగేది, విద్యుదావేశం ఉన్నది. మన పైపొర కొవ్వుతో నిండినది, ఇలాంటివాటిని సులభంగా రానివ్వదు. విడదీసిన చర్మపు ముక్కల మీద చూసినప్పుడు కొంత లోపలికి చేరింది. ఆ కొంత, బతికి ఉన్న ముఖంలో ముడతను ఎంత సరిచేస్తుందన్నదే ప్రశ్న.

నాకు గుర్తుండిపోయిన పరీక్ష 2006లో అమెరికాలో జరిగింది. లేజర్‌తో ముఖం పైపొర తీయించుకున్న కొద్దిమందిలో కొందరికి కాపర్ పెప్టైడ్ ఉన్న క్రీములు ఇచ్చారు, మిగిలినవాళ్లకు అది లేనివి. ఎరుపు తగ్గడంలో, ముడతల్లో కొలతకు చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పెప్టైడ్ వాడినవాళ్లు మాత్రం తమ చర్మం బాగుందని ఎక్కువ సంతృప్తిగా చెప్పారు. చిన్న పరీక్ష కాబట్టి కొలతకు అందని మేలు ఏదో నిజంగానే ఉండవచ్చు. లేదా మనసుకు తృప్తి అంతే కావచ్చు. నేను రెండో వైపు మొగ్గుతాను, కానీ పందెం కాయను.

మేనకోడలి సీసా మీద 1 శాతం అని ఉంది. 30 మిల్లీలీటర్ల సీసాలో 300 మిల్లీగ్రాముల పెప్టైడ్ అన్నమాట. అణుభారాలు వేసి చూస్తే అందులో రాగి దాదాపు 47 మిల్లీగ్రాములు. రోజుకు పావు మిల్లీలీటరు రాస్తుందనుకుంటే ముఖం మీదికి చేరే రాగి 0.4 మిల్లీగ్రాములు. నువ్వుల్లో 100 గ్రాములకు 4 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, అంటే ఓ పెద్ద చెంచా నువ్వుల్లో ఉన్నంత. ఈ లెక్క చెబితే ఆమె ఊరుకుంటుందా? "మంచిగుంది మామా, నువ్వులు తింటే ముఖం దాకా వస్తయా?" అంది. ప్రశ్న మంచిదే. వస్తాయనే నా జవాబు. కొల్లాజెన్ ముడులు పడేది చర్మం లోపలి పొరలో, అక్కడికి రక్తం కింది నుంచి వస్తుంది. సీరం పై నుంచి చచ్చిన కణాల గోడ దాటి రావాలి. దూరంలో నువ్వులే దగ్గర.

"మరి నా ముఖం బాగైంది కదా?" అన్నది ఆమె ఆఖరి అస్త్రం. బాగైన మాట నిజం, మా అక్క కూడా ఒప్పుకుంది. అయితే సీరం మొదలుపెట్టిన నెలలోనే ఆమె ఇంకో రెండు పనులు చేసింది. ఎవరో బ్యూటీ పార్లర్ వాళ్లు మూతకు పేరు లేని డబ్బాలో పోసి ఇచ్చిన "గ్లో క్రీమ్" మానేసింది. బయటికి వెళ్లేటప్పుడు సన్‌స్క్రీన్ రాసుకోవడం అలవాటు చేసుకుంది. అలాంటి డబ్బాల్లో తరచుగా ఉండేది స్టిరాయిడే. వాడినన్ని రోజులు ముఖం తెల్లగా మెరుస్తుంది, తరువాత చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు లేస్తాయి. ఆ పీడ వదిలి, ఎండ దెబ్బ తప్పిన ముఖం ఏమీ రాయకపోయినా తేరుకుంటుంది. పేరు మాత్రం నీలం సీసాకు పోయింది.

బయటి నుంచి రాగి నిజంగా చేసే పని

రాగిని పూయడమే దండగ అనడం నా ఉద్దేశం కాదు. క్రిములను చంపడంలో దాని సత్తా మీద నాకు అనుమానం లేదు. రాగి పాత్రలో 16 గంటలు నిల్వ ఉంచిన నీటిలో విరేచనాలు కలిగించే బ్యాక్టీరియా చచ్చిపోతుందని 2012లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. అలా నీటిలోకి దిగిన రాగి, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన లీటరుకు 2 మిల్లీగ్రాముల హద్దులో పదో వంతు కూడా లేదు. అంటే చిన్నమ్మ చెంబు నీళ్లను శుభ్రం చేస్తుంది. బొల్లిని ముట్టుకోదు. ఆస్పత్రుల్లో తలుపు పిడులకు, మంచాల కడ్డీలకు రాగి తొడిగేదీ ఇందుకే. ఫ్రాన్స్‌లో రాగి సల్ఫేట్, జింక్ సల్ఫేట్ కలిపిన దలిబూర్ నీళ్లతో పుండ్లు కడగడం పాత వైద్యం, ఇప్పటికీ అక్కడి కొన్ని చర్మ క్రీముల్లో ఆ జంట కనిపిస్తుంది.

మన వైపు ఈ విద్య తెలిసినవాళ్లు గొల్ల కురుమలు. వానాకాలం బురదకు గొర్రెల గిట్టలు కుళ్లుతాయి. మా ఊరి పెద్దాయన ఒకరు నేలలో ఓ కాలువలా తవ్వి, పట్టా పరిచి, మైలుతుత్తం కలిపిన నీళ్లు పోసి, మందను ఒక్కొక్కటిగా అందులోంచి దాటించేవాడు. ఆయన కొడుకు పక్కనే కట్టె పట్టుకుని నిలబడేవాడు. ఏ గొర్రె అయినా ఆ నీళ్ల వైపు మూతి వంచితే వెంటనే ఒక్కటి వేసేవాడు. రాగి విషానికి గొర్రె తొందరగా లొంగుతుంది, తాగితే కాలేయం దెబ్బతిని చస్తుంది. గిట్టకు మందు, కడుపుకు విషం. ఆ పెద్దాయనకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

తాకితే చాలు చర్మానికి మేలన్నవాళ్లను నేను జనగామ దగ్గర పెంబర్తికి తీసుకెళ్లాలి. అక్కడి విశ్వకర్మలు రోజంతా ఇత్తడి రేకు మీద సుత్తితో బొమ్మలు తీస్తారు, ఇత్తడిలో సగానికి పైగా రాగే. వాళ్ల పనితనం చూస్తే చేతులకు మొక్కాలనిపిస్తుంది. కానీ ఆ చేతుల నిండా కాయలు, గోళ్ల సందుల్లో నలుపు. రాగి కడియం కీళ్ల నొప్పులకన్న నమ్మకాన్ని కూడా 2013లో ఇంగ్లండ్‌లో 70 మంది రుమటాయిడ్ ఆర్థరైటిస్ రోగుల మీద పరీక్షించారు, ఉత్తుత్తి కడియం కంటే ఎక్కువ పనేం చేయలేదు. కడియం కింద మణికట్టు పచ్చబడటం రాగి ఒంట్లోకి పోతున్నందుకు గుర్తని చెప్పేవాళ్లున్నారు. అది చెమటతో కలిసి తయారైన చిలుము, సబ్బుతో కడిగితే పోతుంది.

ఎక్కడ ఊరుకోను

వెయ్యి రూపాయల సీరం ఎవరైనా రాసుకుంటే నేను అడ్డుపడను. ముందు మోచేతి లోపల కాస్త రాసి చూసుకోవాలి. విటమిన్ సి సీరంతో కలిపి ఒకేసారి రాయకూడదు, రాగి తగిలితే విటమిన్ సి ఆక్సీకరణం చెంది పాడవుతుంది. ఇది మా ల్యాబులో పది నిమిషాల్లో చూపించగలిగిన సంగతి. ఇంతకు మించి దాని మీద కోపం లేదు.

బొల్లి దగ్గర మాత్రం ఊరుకోలేను. మచ్చ చిన్నగా ఉన్నప్పుడే చికిత్స మొదలుపెడితే రంగు తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. డాక్టరు చూసి ఇచ్చే క్రీములు, నారోబ్యాండ్ అతినీలలోహిత కిరణాల చికిత్స ఉన్నాయి, వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. ఏడాది పాటు పరగడుపు నీళ్లు తాగి చూద్దామనుకుంటే ఆ ఏడాది చేజారుతుంది. దీన్ని కుష్టుతో కలిపి చూసే భయం, సంబంధాలు రావన్న దిగులు మన దగ్గర ఇంకా ఉన్నాయి. అందుకే తల్లులు ఆస్పత్రి కంటే చెంబు వైపే మొగ్గుతారు, ఎవరి కంటా పడదు కాబట్టి. చిన్నమ్మతో ఈ మాట మెల్లగానే చెప్పాను. "నీళ్లు తాగొద్దంటవా?" అంది. తాగమనే చెప్పాను, డాక్టరు దగ్గరికీ పొమ్మన్నాను.

కిరాణా కొట్లో పొట్లం కట్టే మైలుతుత్తం సంగతీ అంతే. కాల్చి పొడి చేసి పుండ్లకు అద్దడం ఒకప్పుడు మా ఊళ్లో ఉండేది. తెరిచిన పుండు మీద అది మంటపెట్టి కణాలను కాలుస్తుంది, పిల్లలున్న ఇంట్లో ఆ పొట్లమే ప్రమాదం.

మొన్న ప్రాక్టికల్స్ అయిపోయాక ఒక కుర్రాడు ఫోను తెచ్చి చూపించాడు. "సార్, ఇదే పెప్టైడ్ సూదిమందుల కూడ వస్తున్నదట, మా జిమ్ముల అంటున్నరు" అన్నాడు. చూస్తే నిజమే. "పరిశోధనకు మాత్రమే, మనుషులకు కాదు" అని లేబుల్ వేసిన బుడ్డీలను మనుషులకే అమ్ముతున్నారు. సీరం లోపలికి అంతగా దిగదని నేను ఇంతసేపు ఎత్తిపొడిచాను. దాని క్షేమమంతా ఆ దిగకపోవడంలోనే ఉంది. రక్తంలో రాగిని శరీరం ఊరికే తిరగనివ్వదు, చాలా భాగాన్ని సెరులోప్లాస్మిన్ అనే ప్రొటీన్ పట్టుకుని ఉంటుంది. వదులుగా తిరిగే రాగి కణాలను దెబ్బతీస్తుంది, విల్సన్ వ్యాధిలో జరిగేది అదే. ఎవరు తయారు చేశారో, ఎంత శుభ్రమో, ఎంత మోతాదో తెలియని పొడిని నీళ్లలో కలిపి చర్మం అనే అడ్డు దాటించడాన్ని స్కిన్ కేర్ అనడం ఏమిటి? మెంకెస్ పసివాడికి రాగి సూది ఇచ్చేటప్పుడు డాక్టర్లు రక్తంలో రాగిని కొలుస్తూ ఇస్తారు. జిమ్ముల్లో ఎవరు కొలుస్తారు? కుర్రాడికి ఇదంతా చెప్పాను. "అయితే వద్దా సార్?" అన్నాడు. వద్దన్నాను. ఆ జిమ్ము పేరు అడిగితే చెప్పలేదు, వాళ్ల అన్నదేనట.